గ్యాస్ లైన్‌లో గుర్తింపు ఎన్నిక

నిన్న ఉదయం మిమ్మల్ని ఆఫీసు గేటు దగ్గర దింపి వెళ్ళిన క్యాబ్ డ్రైవరుకు యజమాని ఎవరు? చెప్పగలరా?

తొందరపడకండి. మీరు ఫోనులోని యాప్ పేరు చెబుతారు. ఆ యాప్ నడిపే కంపెనీని అడిగితే "మేం యజమానులం కాము, ఆయన మా భాగస్వామి" అంటుంది. డ్రైవరును అడిగితే అద్దంలోంచి మీ వైపు చూసి నవ్వుతాడు. ఈ భాగస్వామికి ఛార్జీ నిర్ణయించే హక్కు లేదు. ఎక్కబోయే మనిషి ఎక్కడికి వెళ్తాడో ముందే తెలుసుకునే హక్కు చాలాసార్లు ఉండదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఫోనులో అతని ఐడీ ఆగిపోయి ఉంటే, ఎందుకు ఆపారని అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. ఇదెక్కడి భాగస్వామ్యం?

నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆ శాఖలో కొత్తగా చేరుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా పదోన్నతులు, బదిలీలు మీకు అనవసరం. అవి ఎవరికైనా వయసుతో పాటు వస్తాయి. ఈ ఉద్యోగం అసలు ఏమిటో నాకు అర్థమైన సందర్భాలు కొన్నే ఉన్నాయి. వాటిలో పెద్దది నా సర్వీసు చివర్లో, హైటెక్ సిటీ చుట్టుపక్కల కార్లు నడిపేవాళ్ళ మధ్య జరిగింది.

మేనేజరు బయటికి వెళ్ళాక

చదువుకునే రోజుల్లో మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం చర్చలు జరిగేవి. సంస్కరణ గురించి, దేవుడి గురించి, కులం గురించి గొంతులు పోయేలా వాదించుకునేవాళ్ళం. అక్కడ ఎవరేం చెప్పినా రెండు ప్రశ్నలు తప్పవు. ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఆ రెండు ప్రశ్నలే నా ఉద్యోగానికి పెట్టుబడి అవుతాయని అప్పుడు నాకు తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను రంగనాయకులు గారనే అధికారి కింద వేశారు. వయసులో నాకన్నా ఏడాదే పెద్ద. తెల్ల చొక్కా, తక్కువ మాట. ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో మరుగుదొడ్లు సరిగా లేవని ఫిర్యాదు వస్తే ఇద్దరం వెళ్ళాం. మేనేజరు మమ్మల్ని నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళి, ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, "మీరే అడగండి సార్, వీళ్ళకేమన్నా ఇబ్బంది ఉందేమో" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. నేను పుస్తకంలో "ఫిర్యాదుకు ఆధారం లేదు" అని రాసుకోబోతున్నాను.

రంగనాయకులు గారు మేనేజరు వైపు తిరిగి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు.

"నేనుంటే ఏమవుతుంది సార్?"

"అదే తెలుసుకుందామని."

తలుపు మూసుకున్నాక ఆ గదిలో ఎంత గోల లేచిందో చెప్పలేను. ఒకావిడ మాట మధ్యలో ఇంకొకావిడ, ఆవిడ మాట మధ్యలో మరొకావిడ. తిరిగి వస్తూ దారిలో ఆయన ఒక్క మాటన్నారు: "అమ్మా, ప్రశ్న ఎంత మంచిదైనా, ఎవరి ముందు అడిగామన్నదాన్ని బట్టే జవాబు వస్తుంది."

ఏళ్ళ తరవాత, నేను ఉప కమిషనరుగా శేరిలింగంపల్లి వైపు వచ్చేసరికి, ఆయన మళ్ళీ నాకు పై అధికారి అయ్యారు. చొక్కా అదే తెలుపు. మాట ఇంకా తగ్గింది.

యాదగిరి అడిగింది

ఒక సోమవారం పొద్దున ఐటీ ఆఫీసుల వేళకు డ్రైవర్లు అందరూ కూడబలుక్కుని యాప్ ఆపేశారు. ఎక్కడా రాయి పడలేదు, అద్దం పగల్లేదు. కార్లు రోడ్డు పక్కన వరసగా పెట్టి, డ్రైవర్లు టీ తాగుతూ నిలబడ్డారు, అంతే. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ల్యాప్‌టాప్ సంచులు మోసుకుని జనం ఫోన్లు పైకెత్తి తిరుగుతుంటే, అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళకు మొదటిసారి తెలిసింది, ఫోను నొక్కితే వచ్చేది కారు కాదు, కారులో మనిషి అని.

మధ్యాహ్నానికి పైనుంచి మాకు ఆదేశం వచ్చింది. ఇరువర్గాల్ని పిలిచి మాట్లాడించమన్నారు. కంపెనీ తరఫున కార్తీక్ అనే యువకుడు వచ్చాడు. మర్యాదస్తుడు, చురుకైనవాడు. డ్రైవర్ల తరఫున రెండు సంఘాలు వచ్చాయి. ఒకదానికి నాయకుడు మల్లేశం. జనగామ వైపు నుంచి వచ్చి, మొదట టిప్పరు, తరవాత స్కూలు బస్సు, ఇప్పుడు క్యాబ్ నడుపుతున్నాడు. గొంతు పెద్దది. రెండో సంఘానికి ప్రసాద్ గారు. కోనసీమ మనిషి, ఇస్త్రీ చొక్కా, ప్రతి వాక్యం చివరా "అండి".

వాళ్ళిద్దరి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఒకతను నా దృష్టిలో పడ్డాడు. పేరు యాదగిరి. ఉండేది గోపన్‌పల్లిలో ఒక గదిలో. భార్య తెల్లాపూర్ అపార్టుమెంట్లలో హౌస్‌కీపింగ్ పనికి వెళ్తుంది. అతని ఐడీ బ్లాకయింది. ఎందుకో తెలియదు. కంపెనీ ఆఫీసుకు వెళ్తే "మీ అకౌంటు రివ్యూలో ఉంది" అన్నారు. రోజూ అదే మాట.

"నీకేం కావాలి?" అని అడిగాను.

"ఎందుకు బంద్ చేసిండ్రో చెప్పుమనుండ్రి మేడం. తప్పు నాదైతే ఇంటికి పోత. గానీ ఏం తప్పో చెప్పాలె గద?"

"ఎవరినీ అడగలేదా?"

"అందర్ని అడిగిన. ఆఖర్కి చెర్వుగట్టు గుడికి పోయి మొక్కొచ్చిన."

"దేవుడేమన్నాడు?"

"ఆయన గూడ రివ్యూల పెట్టిండు మేడం."

గదిలో అందరూ నవ్వారు. కార్తీక్ కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా యవ్వనమంతా బాబాలతో, సోది చెప్పేవాళ్ళతో, "పైవాడి నిర్ణయం" అనే మాటతో తగవు పడ్డాను. కారణం చెప్పక్కర్లేని అధికారం గుడిలో ఉన్నా, మఠంలో ఉన్నా, సర్వర్‌లో ఉన్నా ఒక్కటే జబ్బు. యాదగిరి దయ అడగలేదు. కారణం అడిగాడు. మనిషి అడగగల అన్నింటిలోకీ నేను ఎక్కువ గౌరవించేది దాన్నే.

కార్తీక్ సమాధానం మాత్రం సిద్ధంగా ఉంది. "మేడం, ఒక పార్ట్‌నర్ విషయం థర్డ్ పార్టీతో మాట్లాడలేం. నిజంగా మెజారిటీ డ్రైవర్ల తరఫున ఒక సంఘం ఉందని తేలితే, అప్పుడు కూర్చుంటాం." అది మాట ఇవ్వడంలా వినిపించింది కానీ, అది జరగదన్న ధీమాతో అన్న మాట. నేను దాన్ని మాటగానే మినిట్స్‌లో రాయించి ఆయన చేత సంతకం పెట్టించాను. ఇది గుర్తుంచుకోండి: ఎదుటివాళ్ళు జరగదనుకుని ఒప్పుకున్నది కూడా ఒప్పందమే.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. సంఘాన్ని రిజిస్టర్ చేయడం వేరు, గుర్తించడం వేరు. రిజిస్టర్ అయితే సంఘానికి పేరు, ముద్ర వస్తాయి. గుర్తింపు వస్తే ఎదురుగా కుర్చీ వస్తుంది. గనుల్లో, బస్సు డిపోల్లో రహస్య బ్యాలెట్ పెట్టి గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు. కొత్తదల్లా డిపో లేని, గేటు లేని, సైరన్ లేని చోట పెట్టడం.

రెండు యాప్‌లు, రెండు సంఘాలు

సభ్యుల పేర్లు ఇమ్మని రెండు సంఘాలనూ అడిగాం. ఇచ్చారు. వారం తరవాత రంగనాయకులు గారు నన్ను పిలిచారు.

"ఇద్దరి సభ్యుల్నీ కలిపితే, ఉన్న డ్రైవర్ల కన్నా ఎక్కువమంది వస్తున్నారమ్మా. కొత్తగా ఎవరన్నా పుట్టారా?"

చూస్తే ఏముంది, సగానికి పైగా పేర్లు రెండు చోట్లా ఉన్నాయి. కార్తీక్‌కు ఇంతకన్నా ఏం కావాలి? "ఈ డేటా వాలిడ్ కాదు మేడం. రెండు సంఘాలూ ఫేక్" అన్నాడు. నాయకులిద్దర్నీ పిలిపిస్తే, వెంట యాదగిరి కూడా వచ్చాడు.

"ప్రసాదన్న మా మెంబర్లను ఎత్కపోయిండు మేడం," అన్నాడు మల్లేశం.

"ఎత్తుకుపోవడానికి వాళ్ళేమన్నా కోడిపిల్లలాండీ? వాళ్ళే వచ్చారు."

"వస్తరు మరి. టిఫిన్ పెట్టిస్తివి గద!"

"మీరు పెట్టించలేదాండీ? మీ మీటింగులో బిర్యానీ తిన్నవాళ్ళే మా మీటింగులో ఇడ్లీ తిన్నారు."

ఇది తెగేది కాదనుకుంటుండగా గోడ దగ్గర నుంచి యాదగిరి అందుకున్నాడు.

"ఎవ్వరు ఎవ్వర్ని ఎత్కపోలే మేడం. మేము ఫోన్ల రెండు యాపులు చాలు చేసి పెట్టుకుంటం. ఏది ముందు మోగితే దానికి పోతం. గట్లనే రెండు సంఘాలల్ల ఉన్నం. ఎవరు ముందుగాల పని చేస్తే వాళ్ళే మావోళ్ళు."

"నువ్వు కూడా రెండింటిలో ఉన్నావా?"

"ఉన్న. గానీ నా మనసు ప్రసాద్ సార్ దిక్కు. మల్లేశమన్న ఒర్రుడెక్కువ, ఊకె అరుస్తడు."

"ఏందిరో!" అన్నాడు మల్లేశం.

నాకు మొదట నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే ఇందులో మోసమేమీ కనిపించలేదు. ఇంతవరకూ తమను నమ్మించిన ప్రతివాడూ వదిలేసి పోతే, ఏ నాయకుణ్ణీ ముందే నమ్మకుండా ఇద్దర్నీ పరీక్షకు పెట్టారు. గుడ్డి నమ్మకం కన్నా వందరెట్లు నయం. కానీ అది పొరపాటే. రెండు యాప్‌లు తెరిచి పెడితే ఏదో ఒకటి మోగుతుంది. రెండు సంఘాలు తెరిచి పెడితే ఏదీ మోగదు, ఎందుకంటే ఎదుటివాడు ఆ రెంటినీ చూపించి నువ్వెవరివీ కాదంటాడు. ఆ మాటే వాళ్ళకు చెప్పాను. ఒక్కొక్కరూ ఒక్కరికే వేయాలి, రహస్యంగా వేయాలి, ఓడినవాళ్ళు ఒప్పుకోవాలి.

"ఒప్పుకుంటాం అండి," అన్నారు ప్రసాద్ గారు. మల్లేశం తలూపాడు.

మరి పోలింగ్ ఎక్కడ? కంపెనీ ఆఫీసులో పెట్టమన్నాడు కార్తీక్. అంటే బిస్కెట్ల ఫ్యాక్టరీలో మేనేజరు ముందు నిలబెట్టడమే. మా ఆఫీసుకు రమ్మంటే బేరం పోగొట్టుకుని ఎవరొస్తారు? మల్లేశం ఫంక్షన్ హాలు అన్నాడు. ప్రసాద్ గారికి అది మల్లేశం బంధువుల హాలని తెలుసు.

"ఎందుకండీ హాలు? మీ వాళ్ళు ఒకచోట కలిసేది గ్యాస్ లైన్‌లోనే. అదీ కొట్టుకోవడానికి."

"మీవోళ్ళు కొట్టుకోరా? మధ్యల బండి దూర్చేదే మీవోళ్ళు!"

"ఆగండి," అన్నాను. "ప్రసాద్ గారూ, ఆ మాట మళ్ళీ చెప్పండి."

ఆయన భయపడ్డారు. "తప్పుగా అన్నానాండీ?"

తప్పేముంది! ఈ కార్లన్నీ సీఎన్‌జీతో నడిచేవే. ప్రతి డ్రైవరూ రోజూ బంకు దగ్గర లైన్‌లో నిలబడక తప్పదు. పొద్దుటి ఆఫీసుల వేళ అయిపోయాక, సాయంత్రం వేళ మొదలవకముందు, ఆ లైన్ రోడ్డు మలుపు దాటి పోతుంది. ఫ్యాక్టరీ లేని వీళ్ళకు గేటు ఎక్కడా అని ఇన్నాళ్ళూ మేం వెతుకుతున్నది దాన్నే. పక్కనే ఉన్నా మాకెవరికీ కనిపించలేదు.

తేదీ ఖాయం చేస్తుంటే ప్రసాద్ గారు ముందుకు వంగి నెమ్మదిగా అన్నారు. "మేడం గారూ, ఆ వేళకు రాహుకాలం పడుతుందండి. కొంచెం అటూ ఇటూ జరిపితే..."

"రాహుకాలంలో మీరు గ్యాస్ కొట్టించుకోరా?"

మల్లేశం పగలబడి నవ్వాడు. "రాహుకాలమైనా గప్పుడే లైన్ల ముందుంటడు మేడం!"

తేదీ మారలేదు.

ఓటరు ఎవరు?

అసలు పరీక్ష దీని తరవాత వచ్చింది. ఓటర్ల జాబితా కంపెనీ ఇవ్వాలి. ఇచ్చింది. అందులో యాదగిరి పేరు లేదు. అతనొక్కడిదే కాదు, ఐడీ బ్లాకయిన ఎవరి పేరూ లేదు.

"వాళ్ళు యాక్టివ్ కాదు మేడం," అన్నాడు కార్తీక్. అబద్ధం చెబుతున్నాననే భావం అతని ముఖంలో లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు.

నేను ఉత్తర్వు రాసి రంగనాయకులు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, పెన్ను పక్కన పెట్టారు. "నేను కంపెనీ వైపు వాదిస్తాను. నాకు జవాబు దొరక్కుండా చేస్తే సంతకం పెడతాను." ఇలాంటి పై అధికారి మీకు దొరికితే అదృష్టం అనకండి, ఆ మాట నాకు నచ్చదు. ఆయన్ను చూసి నేర్చుకుని మీరూ అలాంటి అధికారి కండి.

"తీసేసినవాడు బయటివాడు. బయటివాడికి ఓటేమిటి?"

"తీసేయడం న్యాయమా కాదా అన్నదే కదండీ తగవు? బయటివాడని ముందే రాస్తే విచారణ లేకుండా తీర్పిచ్చినట్టు."

"అందులో ప్రయాణికుల్ని ఏడిపించినవాడు ఉంటే? తాగి నడిపినవాడు ఉంటే?"

"ఉండొచ్చు. తేలేదాకా అతనూ ఓటరే. తేలాక తీసేయండి, కారణం చెప్పి."

"ఒక పదిమంది కోసం ఎన్నిక ఆగిపోతే?"

"ఈ రోజు పదిమందిని ఒక మీట నొక్కి తీసేస్తారు. రేపు మల్లేశాన్ని, ఎల్లుండి ప్రసాద్ గారిని. అప్పుడు డ్రైవర్లు సంఘాన్ని ఎన్నుకోరు, కంపెనీయే డ్రైవర్లను ఎన్నుకుంటుంది."

ఆయన కిటికీ వైపు చూశారు. "కంపెనీ కోర్టుకెళ్తే?"

"వెళ్ళనివ్వండి. అక్కడన్నా కారణం చెప్పాలి కదా."

ఆయన సంతకం పెట్టారు. పెట్టి, "ఆఖరి మాట ముందే చెప్పి ఉంటే టీ చల్లారేది కాదు" అన్నారు. కార్తీక్ తన అభ్యంతరం నమోదు చేయించి ఒప్పుకున్నాడు. కోర్టుకు వెళ్ళలేదు.

బండి తోసినవాళ్ళు

పోలింగ్ రోజు బంకుల పక్కన చిన్న టెంట్లు వేశాం. గోపన్‌పల్లి దారిలోని బంకు దగ్గర నేను కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. లైన్ ఎప్పటిలాగే పొడుగ్గా ఉంది, కానీ టెంటులోకి ఎవరూ రావడం లేదు. కార్లలోంచి మా వైపు చూస్తున్నారు, అంతే.

మల్లేశం వచ్చి చెవి దగ్గర చెప్పాడు. "యాపుకు తెలుస్తదని భయపడ్తుండ్రు మేడం. ఫోన్ జేబుల ఉంటే ఎవరు ఏడ నిలవడ్డరో కంపెనీకి కనవడ్తది గద?"

అది నిజమో కాదో నాకు తెలియదు. కానీ బిస్కెట్ల ఫ్యాక్టరీ గది గుర్తొచ్చింది. ఇప్పటి మేనేజరు జేబులోనే ఉంటాడు. అతణ్ణి కూడా బయట కూర్చోబెట్టాలి.

"ఫోన్లు కారులో పెట్టి రమ్మనండి," అన్నాను.

"లైన్ కదిలితే బండెవరు జరపాలె మేడం? ఎనకోడు ముందట్కి ఎక్కిస్తడు."

ఆ చిక్కు విప్పింది యాదగిరి. అతని బండి నెలల తరబడి గది ముందే నిలబడి ఉంది, గ్యాస్ కొట్టించాల్సిన పని లేదు. ఓటేయడానికి నడిచొచ్చాడు. వేసి వెళ్ళిపోలేదు. లైన్‌లోకి వెళ్ళి ఒక కారు తలుపు తట్టి, "న్యూట్రల్ల పెట్టి పో అన్నా, నేను తోస్త" అన్నాడు. ఆ కారు డ్రైవరు దిగాడు. తరవాత దాని వెనకాయన దిగాడు. ఓటేసి వచ్చినవాళ్ళు మిగిలినవాళ్ళ బండ్లు తోయడం మొదలుపెట్టారు. ప్రసాద్ గారి మనుషుల బండ్లు మల్లేశం మనుషులు, వాళ్ళవి వీళ్ళు. రోజూ మధ్యలో దూరినందుకు తిట్టుకునే అదే లైన్‌లో ఒక్క కారు కూడా వరస తప్పలేదు. ఇద్దరు ఆడ డ్రైవర్లు కూడా వచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఓటేసి బయటికొస్తూ, "రెండు సంఘాల కమిటీలల్ల ఒక్క ఆడమనిషి లేదు, గిదేం సంఘం మేడం?" అంది. ఆ మాట నాయకులిద్దరికీ అక్కడే వినిపించాను. ఇద్దరూ ఒకేసారి చెప్పుల వైపు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ ఏకీభవించడం నేను చూసింది అదే మొదటిసారి.

మల్లేశం సంఘం కారు తోస్తున్న యాదగిరిని చూసి మల్లేశమే కేకేశాడు. "ఏందిరో, మా దిక్కు మల్లినవా?"

"బండి తోస్తున్న అన్నా. ఓటు ప్రసాద్ సార్‌కే ఏసిన."

"రహస్య ఓటురా, గట్ల ఒర్రకు!"

నా ఉద్యోగ జీవితంలో చాలా ఎన్నికలు జరిపించాను. పోలీసులతో, బారికేడ్లతో, మైకులతో. ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదు. ప్రజాస్వామ్యం మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చిన మా చర్చా వేదిక మిత్రుల్ని ఆ రోజు అక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపించింది.

ఏ గేటు?

మల్లేశం సంఘం గెలిచింది. తేడా తక్కువే. ప్రసాద్ గారు దండ తెప్పించి స్వయంగా వేశారు. నాకు మాత్రం గుండెల్లో ఒక భయం. గుర్తింపు వచ్చిన సంఘమే ఏ సమస్య ముందు మాట్లాడాలో నిర్ణయిస్తుంది. యాదగిరి ఓడినవాళ్ళ మనిషి. పైగా గెలిచినవాణ్ణి అందరి ముందూ ఒర్రుబోతన్నాడు. అతనికి గెలిచిన సంఘం అడ్డం తిరిగితే, నేను రాసిన ఉత్తర్వుకు అర్థమే లేదు.

మొదటి చర్చల రోజు మా ఆఫీసు వరండాలో ప్రసాద్ గారు మల్లేశాన్ని పక్కకు పిలవడం చూశాను. నేను వినకూడని మాటలే, కానీ మల్లేశం గొంతుకు గోడలు అడ్డం కావు.

"మల్లేశం గారూ, మీ వాళ్ళు ఎయిర్‌పోర్టు పార్కింగు విషయం ముందు ఎత్తమంటున్నారని విన్నానండి. యాదగిరి సంగతి కూడా కొంచెం..."

"నువ్వు చెప్పాల్నా ప్రసాదన్నా? ఓట్లు ఏసేదాంక నీవోడు, నావోడు. ఇగ అందరు నావోళ్ళే. నువ్వు గూడ. ఆ పరేషాన్ నాకే వచ్చింది ఇప్పుడు."

లోపలికి వచ్చి కూర్చుని, మల్లేశం ఎత్తిన మొదటి విషయం యాదగిరి ఐడీ.

అప్పుడు కార్తీక్ ల్యాప్‌టాప్ తెరిచి, ఇన్ని నెలల తరవాత, కారణం చదివాడు. డ్రైవరు పికప్ పాయింటుకు రావడానికి నిరాకరించాడని ఒక పెద్ద ఐటీ క్యాంపస్ నుంచి మళ్ళీ మళ్ళీ ఫిర్యాదులు వచ్చాయట. యాదగిరి లేవబోయాడు. మల్లేశం చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనే అడిగాడు.

"ఏ గేటు సార్?"

"అంటే?"

"క్యాంపస్‌కు గేట్లు మస్తుంటయ్. ఫిర్యాదుల ఏ గేటని రాసుంది?"

కార్తీక్ ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాడు. "గేటు గురించి ఏమీ లేదు."

"మ్యాపుల గుర్తు వెనక గేటు లోపల వడ్తది సార్. ఆ గేటుల క్యాబులను రానియ్యరు. బయట నిలవడి ఫోన్ చేస్తే, లోపల్కి రాలేదని వాళ్ళు రాస్తరు."

ఇలా చెప్పే కథలు కంపెనీ చాలా విని ఉంటుంది. కార్తీక్ అది నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. "నేను వెళ్ళి చూస్తాను" అన్నాడు. నేను అతన్ని కూడా ఈ వ్యాసంలో మెచ్చుకోవాలి. ఎవరు చెప్పారు, ఎలా తెలుసు అన్న నా పాత ప్రశ్నల్ని ఆ కుర్రాడు మా గ్రంథాలయం చర్చలకు రాకుండానే అడిగాడు. మర్నాడు కార్తీక్ యాదగిరి కారులోనే కూర్చుని ఆ వెనక గేటుకు వెళ్ళాడు. సెక్యూరిటీ అతను లాఠీ అడ్డం పెట్టి, "క్యాబ్ ఇట్ల రావొద్దు, ఎన్నిసార్లు చెప్పాలె" అని కసిరాడట. కార్తీక్ మెడలోని కార్డు చూపించినా వినలేదట.

తరవాతి సమావేశంలో అతను మొదట అన్న మాట ఇదే: "నన్ను కూడా ఆపేశారు మేడం."

యాదగిరి ఐడీ తిరిగొచ్చింది. అంతకన్నా ముఖ్యం, ఇకమీద ఎవరి ఐడీ ఆపాలన్నా ముందు కారణం చెప్పాలి, గుర్తింపు సంఘం ప్రతినిధి ఎదుట డ్రైవరు జవాబు వినాలి అని ఒప్పందం కుదిరింది. అన్నీ గెలిచాం అనను. ఛార్జీల లెక్క ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు అన్నది నేను రిటైరయ్యే నాటికి తేలలేదు. డ్రైవరు భాగస్వామా, కార్మికుడా అన్న పెద్ద ప్రశ్న కూడా తేలలేదు. కానీ పేరు ఏదైనా పెట్టుకోండి, అతనికి ఎదురుగా ఒక కుర్చీ వచ్చింది. ఆ కుర్చీలోంచి ఒక మనిషి జవాబు చెప్పాడు.

ఒప్పందం మీద సంతకాలయ్యాక యాదగిరిని అడిగాను, "ఇప్పుడేమంటావు మల్లేశం గురించి?"

"మంచిగ మాట్లాడిండు మేడం. అబద్ధం చెప్పద్దు."

"వచ్చేసారి ఓటు ఆయనకేనా మరి?"

"గదెట్ల? ప్రసాద్ సార్‌కే ఏస్త. మల్లేశమన్న ఇప్పటికీ ఒర్రుడు తగ్గించలే."

మల్లేశం పక్కనే ఉన్నాడు. "వినుండ్రి మేడం, వీని కోసం నేను గొంతు చించుకున్న!" అంటూ అతని వీపు మీద ఒక్కటేశాడు. తనకు ఓటు వేయనివాడి కోసం మాట్లాడిన నాయకుడు, తన కోసం మాట్లాడినవాడికి కూడా ఓటు బాకీ పడనని చెప్పిన పౌరుడు. ఈ ఇద్దర్నీ ఒకే గదిలో చూశాక నాకు ఈ ఉద్యోగం నుంచి వేరే బహుమతి అక్కర్లేకపోయింది.

మీ వంతు

ఆ గుర్తింపుకు గడువుంది. గడువు తీరాక మళ్ళీ ఎన్నిక రావాలి. అప్పుడు ఆ కుర్చీలో నేనుండను, రంగనాయకులు గారుండరు, కార్తీక్ వేరే కంపెనీకి వెళ్ళిపోయి ఉంటాడు. మీరుంటారు. మీ బల్ల మీదకు ఓటర్ల జాబితా వస్తుంది. చక్కగా అచ్చు వేసి, యాక్టివ్ అయినవాళ్ళ పేర్లతో మాత్రమే వస్తుంది. పక్కన ఎవరో మర్యాదగా, "ఫార్మాలిటీయే మేడం" అంటారు, "ఫార్మాలిటీయే సార్" అంటారు.

సంతకం పెట్టకండి. కుర్చీలోంచి లేవండి. మిట్టమధ్యాహ్నం గ్యాస్ లైన్‌కు వెళ్ళి, ఐడీ ఆగిపోయినవాళ్ళు ఎవరెవరున్నారో మీరే అడగండి. ఒక్కొక్కరి పేరూ ఆ జాబితాలో చేర్చండి. అప్పుడు పెన్ను తీయండి.